పట్టాలమీది పూలతోట

రైలుషెడ్డుపైన కాపురమనిన మనలో నవ్వనివారుండరు. నేనును నవ్వితిని. హాంగ్‌కాంగు నగరమున మా ఆడపడుచు కాపురముండు టెల్ఫర్డ్ గార్డెన్సునకు పోయినపుడు, కౌలూన్ బే స్టేషనులో దిగి, అంగళ్ల నడుమగా నడచి యొక యుద్యానమున బ్రవేశించితిమి. పూలమొక్కలు, ఆడుకొను పిల్లలు, చుట్టును మేడలు.

"రైళ్లెక్కడ నమ్మాయీ?" యని యడిగితిని.

"మీరు నిలిచియున్నది వాని కప్పుమీదనే, వదినా!" యని యామె పాదముతో నేలను తట్టి చూపెను.

ఆ నగరమున కొండలును సముద్రమును పోగా మిగిలిన చదునునేల కొంచెమే. 1979వ సంవత్సరమున నచ్చట మెట్రోరైలు నడవ నారంభించెను. రాత్రులు బండ్లను నిలిపి, కడిగి, బాగుచేయుటకు విశాలమైన చోటు కావలెను గదా! అంతటి నేలను పట్టాలకే విడుచుట దుబారా యని తలచి, షెడ్డుమీద కాంక్రీటు వేదిక కట్టి, దానిపై 41 మేడలు లేపిరి. అందు ఇంచుమించు 5,000 ఇండ్లు! మేడల బరువు మోయు స్తంభములు పట్టాల సందులలోనే దిగవలెను. కావున షెడ్డును, పైయిండ్లను ఒక్కసారిగానే ఆలోచింపవలెను. ముగ్గునకు ముందుగా చుక్కలు పెట్టుకొనుటవంటిది. ఇండ్లవలన వచ్చిన లాభము రైలుమార్గపు వ్యయమునకు తోడ్పడెను. ఈ లెక్క మన గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

చప్పుడుమాట యడిగితిని. పూర్వము సమీపముననే కైటాక్ విమానాశ్రయ ముండెడిది; 1998లో నది మూతపడువఱకు రైళ్లకంటె విమానముల హోరే యెక్కువ యని యిరుగుపొరుగువారు చెప్పుదురట. నాకు మాత్రము క్రింది రైలు వినబడనే లేదు.

ఇల్లు మిక్కిలి యిరుకు. వంటయింట నిద్దఱము నిలువలేకపోతిమి. అద్దె వినగా గుండె ఝల్లుమనెను.

"ఊరిచివర చవుకగా దొరకదా?" యంటిని.

ఆమె కూర తరుగుచునే, "దొరకును, వదినా. ముందు అక్కడనే యుంటిమి. ఆయన యిల్లు చేరుసరికి పిల్లవాడు నిద్రపోయెడివాడు. ఆదివారమునాడు తండ్రి యెత్తుకొనబోగా కొత్తవానిని చూచినట్లు ఏడ్చెను. ఆ నెలలోనే యిచ్చటికి వచ్చితిమి. ఇప్పుడు నగలు చేయించుకొనుమాట లేదు" అనెను. నేనింక అద్దెమాట యెత్తలేదు.

సాయంకాలము స్టేషనునుండి వచ్చు జనములో తండ్రిని గుర్తించి, పిల్లవాడు ఆట విడిచి పరుగెత్తెను. ఇంకను వెలుతురుండెను. తండ్రి చేతిసంచి బల్లపై నుంచి, కోటు విప్పి, వానితో బంతియాటకు దిగెను. క్రింద నేబండి షెడ్డులోనికి వచ్చుచుండెనో, మాకు తెలియలేదు.