సుత్తి కోసం వెతికితే బంగారం దొరికింది

ఆఫీసు పని మీద లండన్ వెళ్లిన రెండో శనివారం. బయట సన్నగా వాన. బ్రిటిష్ మ్యూజియంకి టికెట్ లేదు, ఫ్రీ. లోపలికి దూరిపోయా. సరిగ్గా అప్పుడే వాట్సాప్‌లో మా బావ మెసేజ్. ఓ బంగారు నాణెం ఫొటో, కింద ‘రోమన్ కాసంట. తెలిసినాయన దగ్గరుంది. అక్కడ ఎంత పలుకుతాదో కనుక్కో అబ్బయా’ అని. మాది నెల్లూరు జిల్లా.

సరే, రోమన్ బంగారం ఎక్కడుందో చూద్దామని పై అంతస్తులో 49వ గదికి వెళ్లా. అక్కడ హాక్సన్ నిధి ఉంది. కథ భలే ఉంటుంది. 1992 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని సఫక్ ప్రాంతంలో ఓ రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. రిటైరైన తోటమాలి ఒకాయన, రైతు స్నేహితుడే, మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెతకడానికి వెళ్లాడు. సుత్తికి బదులు బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి.

కొన్ని తీశాక ఆయన తవ్వడం ఆపేశాడు. అధికారులకు కబురు పెట్టాడు. మర్నాడే పురావస్తు శాఖవాళ్లొచ్చి మిగతాది ఏ వస్తువు పక్కన ఏముందో చూసుకుంటూ తీశారు. అందుకే అది ఓక్ చెక్క పెట్టె అనీ, లోపల చిన్న పెట్టెలుండేవనీ ఈరోజు తెలుసు. మొత్తం సుమారు 15 వేల నాణేలు, అందులో బంగారువి 560కి పైనే. బహుమతిగా ఇచ్చిన సొమ్ము 17 లక్షల 50 వేల పౌండ్లు. తోటమాలి అందులో రైతుకూ వాటా ఇచ్చాడు. ఆ తర్వాత సుత్తి కూడా దొరికింది, అదీ మ్యూజియానికే చేరింది!

ఆ బంగారు నాణెం పేరు సాలిడస్. బరువు నాలుగున్నర గ్రాములు. కరిగిస్తే ఓ ఉంగరం వస్తుందేమో. మరి ధర దేనికి?

అక్కడే బెంచీ మీద కూర్చుని ఫోన్లో వెతికా. 2020 అక్టోబర్‌లో ఇదే లండన్‌లో సీజర్‌ని చంపిన బ్రూటస్ వేయించిన బంగారు నాణెం వేలానికొచ్చింది. ఒకవైపు అతని ముఖం, రెండోవైపు రెండు బాకులు, మధ్యలో టోపీ. బరువు ఎనిమిది గ్రాములు. పలికింది 32 లక్షల 40 వేల పౌండ్లు, అప్పటి లెక్కన 30 కోట్ల రూపాయలకు పైనే. తీరా చూస్తే, అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పే కాగితాలు దొంగవి. 2023లో న్యూయార్క్ అధికారులు దాన్ని గ్రీస్‌కి తిరిగిచ్చేశారు. నాణెం అసలుదే, చరిత్రే నకిలీ. గ్రీస్‌లో ఏ మట్టిలోంచి తీశారో, పక్కన ఏముండేదో ఇంక ఎవరు చెప్తారు?

మా నెల్లూరుకీ ఇలాంటి కథొకటుంది. 1780ల్లో ఓ రైతు కొండ పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ కాలం నాటివి. మన మిరియాలు, ముత్యాలు, సన్నబట్టల కోసం రోమ్ నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియాకి పోతున్నాయని ప్లినీ వాపోయింది ఊరికే కాదు. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయే ఉంటాయి. నవాబు కొడుకు వెతికించి 30కి పైగా వెనక్కి తెప్పించాడు. కొన్ని అప్పుడే అచ్చులోంచి తీసినంత కొత్తగా ఉన్నాయట. కొన్నింటికి చిల్లులు. మా నానమ్మ కాసులపేరు గుర్తొచ్చింది. ఆ గుడి ఏ దేవుడిదో, కుండలో మొత్తం ఎన్ని ఉండేవో మాత్రం కరిగిన బంగారంతోనే పోయింది.

బయటికొచ్చి బావకి కాల్ చేశా.

“బావా, రేటు సంగతి తర్వాత. అది ఎక్కడ దొరికిందట?”

“ఎందుకబ్బా అదంతా?”

భూమిలో దొరికితే కలెక్టర్‌కి చెప్పాలనే చట్టం 1878 నుంచీ ఉందనీ, పాత నాణేన్ని దేశం దాటించడం నేరమనీ చెప్పా. చెప్పకుండా అమ్మితే నాణెం రేటు కూడా పడిపోతుందన్నా. ఆ ఒక్క మాట మాత్రం శ్రద్ధగా విన్నాడు.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. ‘అడిగినా. చెప్పడంట. చెప్తే రేపే ఊరంతా వచ్చి చేను తవ్వేస్తారని భయమంట.’

అంటే చేలోనే దొరికిందన్నమాట.