డ్రా చాలని ఎవరూ చెప్పలేదు

ఈ సంచికకి ఏదన్నా రాసివ్వమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ సాంబారు గురించీ, ట్రంకుపెట్టె తాళాల గురించీ రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము బాకీ పడిన విషయం వేరే ఉంది. 2018 డిసెంబరు ఫుట్‌బాల్ పోటీల నుంచి మన జట్టు ఎందుకు తిరిగొచ్చేసిందో అప్పటి జూనియర్లకి మేము సరిగ్గా చెప్పలేదు. నిజానికి అప్పటికి మాకే తెలియదు.

అప్పుడు మేము పదో తరగతి. ఆగిరిపల్లిలో ఆటంటే కబడ్డీ, వాలీబాల్, సెలవుల్లో మామిడితోటల్లో క్రికెట్టు. ఫుట్‌బాల్ మాకు కొత్త. ఆ జూన్‌లో రష్యాలో ప్రపంచకప్ జరుగుతుంటే పేపర్లో బొమ్మలు చూసి, పీఈటీ మాస్టారి వెంటపడి ఒక బంతి తెప్పించుకున్నాం. బూట్లు లేవు. గోలుపోస్టులకి సరుగుడు కర్రలు పాతాం. శోభనాచలం కొండ మీద ఎండ తగ్గే వేళకి మొదలుపెడితే స్టడీ అవర్ బెల్లు కొట్టేదాకా ఆట. వంటమనిషి అన్న కూడా అప్పుడప్పుడు గోల్‌కీపింగ్‌కి వచ్చేవాడు.

పోటీలకి ఎనిమిది హాస్టళ్లు వచ్చాయి. రెండు గ్రూపులు చేశారు. గ్రూపులో నాలుగు జట్లు. ఒక్కో జట్టు మిగతా మూడింటితోనూ ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. గ్రూపులో మొదట నిలిచిన జట్టే ఫైనల్‌కి. కప్పు గెలిచినవాళ్లకి బూట్లు, సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. మా కెప్టెన్‌కి బూట్ల మీద ఆశ లేదు, సర్టిఫికెట్ మీదే. అది ఉంటే స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని వాళ్ల బావ చెప్పాడట.

పేర్లు ఎందుకుగానీ, మా గ్రూపులో ఒకటి ఎర్ర చొక్కాల జట్టు, ఒకటి తెల్ల బనియన్ల జట్టు, ఇంకోటి చిన్నపిల్లల జట్టు. ఆ పిల్లల హాస్టల్లో పెద్ద క్లాసులు లేవు, ఏడూ ఎనిమిదీ చదివేవాళ్లే వచ్చారు.

మొదటి రోజు ఎర్ర చొక్కాలని 1-0తో ఓడించాం. రెండో రోజు చిన్నపిల్లలతో. పావుగంటలో రెండు గోల్స్ కొట్టేశాం. వాళ్ల గోల్‌కీపర్ మోచేయి గీసుకుపోయి ఏడుస్తున్నాడు. మా కెప్టెన్ వెళ్లి వాడి చెయ్యి తుడిచి, మా వైపు తిరిగి “ఇంక చాల్రా” అన్నాడు. మిగతా ఆటంతా బంతిని మాలో మేము తిప్పుకున్నాం. 2-0. బయట నిలబడ్డ పెద్దవాళ్లు కూడా మెచ్చుకున్నారు.

మూడో రోజు తెల్ల బనియన్లతో. అప్పటికి మాకు 6 పాయింట్లు. ఎర్ర చొక్కాలు వాళ్లని 2-1తో ఓడించి 3 పాయింట్లతో ఉన్నారు. ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడండి తమ్ముళ్లూ. ఎర్ర చొక్కాలు మిగిలిన ఆట గెలిచినా 6 దగ్గరే ఆగుతారు. మేము డ్రా చేసుకుంటే 7. అంటే గోల్ కొట్టక్కర్లేదు, ఇవ్వకుండా ఉంటే చాలు. ఒకటో తరగతి కూడిక. పదకొండు మందిలో ఒక్కడికీ తట్టలేదు. ఆట 0-0గా సాగుతోంది. చివరి ఐదు నిమిషాల్లో గెలవాలన్న ఊపులో వెనకాల కాపలా ఉన్నవాళ్లతో సహా అందరం ముందుకి ఉరికాం. బంతి తెగి వాళ్ల కాళ్లకి దొరికింది. మా సగంలో గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు. 0-1.

గ్రౌండు ఒకటే కాబట్టి ఎర్ర చొక్కాల ఆట మధ్యాహ్నం పెట్టారు. ఏం చేస్తే సరిపోతుందో వాళ్లకి అప్పటికే తెలుసు. చిన్నపిల్లల మీద నాలుగు కొట్టారు. మాకూ 6, వాళ్లకీ 6.

అప్పుడు మొదలైంది గొడవ. వాళ్లని మేము ఓడించాం కాబట్టి మేమే పైన అన్నాం. వాళ్లు గోల్స్ తేడా చూడమన్నారు. మేము కొట్టినవి మూడు, ఇచ్చినది ఒకటి, తేడా 2. వాళ్లు కొట్టినవి ఆరు, ఇచ్చినవి రెండు, తేడా 4. నిర్వాహకులు ఓ అరగంట మాట్లాడుకుని గోల్స్ తేడాయే లెక్క అన్నారు. ఆ మాట ముందు ఎక్కడా రాసి పెట్టలేదు. మేము బస్సెక్కేశాం.

ఆ రాత్రి మెస్‌లో కెప్టెన్‌ని అనని మాట లేదు. రెండు దగ్గర ఎందుకు ఆపమన్నావని, ఆ పిల్లాడు నీకేమన్నా తమ్ముడా అని. వాడు కంచం కడుక్కుని వెళ్లి పడుకున్నాడు.

తర్వాత తెలుసుకున్నదేమిటంటే రెండు పద్ధతులూ నిజమైనవే. 2018 ప్రపంచకప్‌లో పాయింట్లు సమానమైతే ముందు మొత్తం గోల్స్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్, ఆ తర్వాతే ముఖాముఖి ఆట. ఐరోపా దేశాల యూరో కప్‌లో ముఖాముఖే ముందు. అదే ఫిఫా 2026 ప్రపంచకప్ నియమాల్లో ముఖాముఖిని ముందుకి తెచ్చింది. ఆ వరస ప్రకారం అయితే ఫైనల్‌కి మేమే వెళ్లాలి. మామిడికాయలు ఏరేటప్పుడు ముందు సైజు చూస్తారా, మచ్చ చూస్తారా అన్నట్టుంటుంది ఇది. ఏది ముందు చూసినా తప్పు కాదు. కోతకి ముందే చెప్పాలి, కాయలు గుట్ట పోశాక కాదు.

క్రికెట్టు చూసేవాళ్లకి ఇంకో ఉదాహరణ. 2019 వన్డే ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌కీ పాకిస్తాన్‌కీ 11 పాయింట్లే. లీగ్‌లో న్యూజిలాండ్‌ని పాకిస్తాన్ ఓడించింది కూడా. నెట్ రన్‌రేట్‌తో సెమీస్‌కి వెళ్లింది మాత్రం న్యూజిలాండ్. ఆ రోజు పాకిస్తాన్ వాళ్ల మీద మాకు జాలి వేసిందంటే నమ్ముతారా?

మధ్యాహ్నం ఆట సంగతి కూడా మాకు మాత్రమే జరిగినది కాదు. 1982లో స్పెయిన్‌లో అల్జీరియా తన మూడు ఆటలూ ముగించుకుని కూర్చుంది. మర్నాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఆ రెండు దేశాలూ ముందుకెళ్తాయి. పదో నిమిషం దాటగానే జర్మనీ ఒక గోల్ కొట్టింది, మిగతా ఆటంతా నడకే. మూడు జట్లకీ తలా 4 పాయింట్లు (అప్పట్లో గెలుపుకి 2), గోల్స్ తేడాతో అల్జీరియా ఇంటికి. ఆ అల్జీరియా మొదటి ఆటలో జర్మనీని 2-1తో ఓడించిన జట్టు! ఆ గొడవ తర్వాత, 1986 నుంచి ప్రపంచకప్‌లో గ్రూపు ఆఖరి ఆటలు రెండూ ఒకే సమయానికి మొదలుపెడుతున్నారు. ఒక్క గ్రౌండు ఉన్నచోట అది కుదరదనుకోండి.

ఇక జపాన్ కథ. 2018 జూన్ 28న మనవాళ్లంతా స్టడీ అవర్‌లో ఉన్న వేళకి జరిగింది. జపాన్ పోలాండ్ చేతిలో 0-1తో వెనకబడి ఉంది. అదే సమయంలో ఇంకో ఊళ్లో సెనెగల్ కూడా కొలంబియా చేతిలో 0-1తో వెనకబడింది. ఇద్దరికీ 4 పాయింట్లు. కొట్టినవి 4, ఇచ్చినవి 4. ఇద్దరి మధ్య ఆట 2-2. ఇక మిగిలింది పసుపు కార్డులు. జపాన్‌కి 4, సెనెగల్‌కి 6. జపాన్ వాళ్లు చివరి పది నిమిషాలూ వెనకాలే బంతి అందించుకుంటూ గడిపారు. స్టేడియం అంతా ఈలలు వేసి వెక్కిరించినా ఓడిపోతూనే ముందుకెళ్లారు. మర్నాడు పేపర్లో చదివి “ఇదేం ఆటరా” అని మేము కూడా నవ్వాం. ఆరు నెలల తర్వాత డ్రా చాలిన ఆటలో అందరం ముందుకి ఉరికింది కూడా మేమే.

పోటీల గొడవ తర్వాత నెలైనా కాకుండా భోగి వచ్చింది. 2019 జనవరి 14 రాత్రి ఆసియాకప్‌లో భారత్‌కి బహ్రెయిన్‌తో ఆట, షార్జాలో. పండక్కి ఊరొచ్చిన బాబాయి ఫోన్‌లో చూశాం. పొద్దున వేసిన భోగిమంట బూడిద ఇంకా వాకిట్లోనే ఉంది. ఈసారి ముందే కాగితం మీద లెక్క వేసుకుని కూర్చున్నాం. థాయ్‌లాండ్‌ని మనవాళ్లు మొదటి ఆటలో 4-1తో కొట్టారు, అందులో ఛెత్రీవి రెండు. ఆ టోర్నమెంటులో ముఖాముఖే ముందు. కాబట్టి డ్రా చేసుకుంటే, అటు థాయ్‌లాండ్ కూడా డ్రా దగ్గరే ఆగితే, రెండో స్థానం మనదే. థాయ్‌లాండ్ 1-1తో ఆగింది. మనవాళ్లు 90 నిమిషాలు 0-0గా కాచారు. 91వ నిమిషంలో బహ్రెయిన్‌కి పెనాల్టీ వచ్చింది. గోల్. రెండో స్థానం నుంచి నాలుగో స్థానానికి, అక్కణ్నుంచి విమానానికి. లెక్క తెలిసినవాళ్లు కూడా ఓడిపోతారని ఆ రాత్రి తెలిసింది. కానీ వాళ్ల మీద మాకు కోపం రాలేదు. కెప్టెన్‌ని మేమన్న మాటలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో అంతకుముందు డిగ్రీ మెట్టు ఎక్కినవాళ్లు లేరు. నాన్న చిక్కం పట్టి కాయలు కోసే మనిషి, అమ్మ గ్రేడింగ్ కూలి. ఇప్పుడు మేము ఎమ్మెస్సీ మ్యాథ్స్ రెండో ఏడు. ఈ లెక్కల్లోకి ఎందుకొచ్చావని యూనివర్సిటీలో ఎవరన్నా అడిగితే ఏదో ఒకటి చెప్తాం. అసలు కారణం ఆ మూడో రోజు పొద్దున్నే. ఆ పోటీల పట్టికని అన్ని రకాలుగా వేసి చూశాం. నాలుగు జట్లు, ఆరు ఆటలు, ఒక్కో ఆటకి మూడు ఫలితాలు, మొత్తం 729 దారులు. మేము గడప దగ్గరికొచ్చిన దారిలో ఆఖరి ఆట గెలిచినా, డ్రా అయినా ఫైనలే. ఓడితే మాత్రమే గోల్స్ తేడా దాకా వెళ్లేది. అంటే కెప్టెన్ రెండు దగ్గర ఆపమనడం వల్ల మనం ఓడిపోలేదు. ఆపకపోతే ఓడినా గట్టెక్కేవాళ్లమేమో, అంతే.

ఈ మాట వాడితో చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. స్పోర్ట్స్ సీటు రాలేదు, ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. సీజన్‌లో నున్న మామిడి మార్కెట్‌లో లోడింగ్‌కి వెళ్తాడు. మొన్న మేలో లారీ పక్కన నిలబడి కాగితం చూపించి చెప్పాం. చివరిదాకా విని, “మరి ఆ పొద్దున ఈ కాగితం ఎవడి జేబులో ఉందిరా?” అన్నాడు. తర్వాత టీ తాగాం. డబ్బులు వాడే ఇచ్చాడు.

మన రాష్ట్రాల్లో ఈ ఆటకి పేరు తెచ్చింది హైదరాబాదు. అక్కడి రహీమ్ సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఏషియాడ్‌కి వెళ్లిన భారత జట్టు గ్రూపులో మొదటి ఆటే కొరియా చేతిలో 0-2తో ఓడింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోనే ఉన్నాడు. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని ఓడించి గ్రూపులో రెండోదిగా సెమీస్‌కి వెళ్లారు. ఫైనల్లో అదే కొరియాని 2-1తో కొట్టి బంగారం తెచ్చారు. ఇద్దరిని పంపే గ్రూపులో ఆడితే అలాంటిది జరుగుతుంది. ఒక్కరినే పంపే గ్రూపులో మేము ఆడాం.

ఈ వార్షికోత్సవానికి మన గ్రౌండులోనే పోటీలు పెడుతున్నారని విని రెండు రోజుల ముందే వచ్చాం. పాయింట్లు సమానమైతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చార్టు మీద పెద్దక్షరాలతో రాసి, వార్డెన్ గారి సంతకం పెట్టించి, మెస్ తలుపు పక్కన అంటించాం. ముఖాముఖి, గోల్స్ తేడా, కొట్టిన గోల్స్, పసుపు కార్డులు. ఆరో తరగతి పిల్లాడొకడు కంచం పట్టుకుని మొత్తం చదివి, “అన్నా, ఇవన్నీ కూడా సమానమైతే?” అని అడిగాడు. 1990 ప్రపంచకప్‌లో ఐర్లాండ్‌కీ నెదర్లాండ్స్‌కీ అన్నీ సమానమైతే రెండు, మూడు స్థానాలు చీటీ తీసి తేల్చారని చెప్పాం. వాడు కాసేపు ఆలోచించి “చీటీ ఎవరు తీస్తారు?” అన్నాడు.

అది మేము చార్టులో రాయలేదు. స్కెచ్ పెన్ తెమ్మని వాణ్నే పంపాం.