దొడ్డుప్పు బుక్కే పిల్లవాడు

మా సిరొంచలో పిల్లవాడు నీరసపడితే మొదట మలేరియా అంటారు, తర్వాత నులిపురుగులంటారు, ఆపైన దిష్టి తీస్తారు. గడ్చిరోలి జిల్లాలో మలేరియా ఎక్కువే గనక మొదటి మాటను తప్పు పట్టలేం. మా వీధి పెద్దమ్మ మనవడికి ఏడేళ్ళు. వాడికి ఈ మూడూ అయ్యాయి. అయినా సన్నబడుతూనే ఉన్నాడు, నల్లబడుతూనే ఉన్నాడు. ప్రాణహిత ఒడ్డున ఎండలో ఆడే పిల్లవాడు నల్లబడితే వింతేముంది?

"మన్ను తినే పోరగాండ్లను చూసిన గని సారూ, దొడ్డుప్పు బుక్కేటోణ్ణి వీణ్ణే చూస్తున్న" అని పెద్దమ్మ నవ్వేది. జబ్బు ఆనవాలు ఆ మాటలోనే ఉంది.

ఒక తెల్లవారుజామున వాడికి ఫిట్స్ వచ్చాయి. గోదావరి వంతెన దాటించి వరంగల్ తీసుకుపోయారు. రక్తంలో చక్కెర బాగా పడిపోయిందట. అక్కడి పిల్లల డాక్టరు వాడి చిగుళ్ళు, అరచేతి గీతలు, వేళ్ళ కణుపులు పట్టిపట్టి చూశారు. పుట్టుకతో నల్లని చిగుళ్ళు మనలో చాలామందికి ఉంటాయి. కొత్తగా నల్లబడితే మాత్రం అది ఎండ పని కాదు. సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, పొద్దుటి కార్టిసాల్ దాదాపు లేదు. 1855లో లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ వర్ణించిన జబ్బు.

నేను కామర్స్ చదివినవాణ్ణి, అర్థమైనంత చెప్తాను. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. జ్వరంలో, పస్తులో చక్కెర, రక్తపోటు పడిపోకుండా ఆపేది వాటి కార్టిసాల్. ఉప్పు మూత్రంలో పోకుండా పట్టేది ఆల్డోస్టెరాన్. పోయిన ఉప్పును పిల్లవాడు వంటింటి డబ్బాలో వెతుక్కున్నాడు. కార్టిసాల్ చాలడం లేదని పిట్యూటరీ గ్రంథి అదే పనిగా పంపే హార్మోను చర్మాన్ని నల్లబరుస్తుంది.

హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు వాడితే పిల్లవాడు అందరిలాగే పెరుగుతాడు, కానీ జీవితాంతం వాడాలి. జ్వరమొస్తే హైడ్రోకార్టిసోన్ డాక్టరు చెప్పిన లెక్కన పెంచాలి. మాత్ర కడుపులో నిలవకపోతే ఇంజెక్షన్. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ఇదంతా కాగితం మీద ఇంగ్లీషులో ఉంది. మా ఊరి మందుల షాపులో మరాఠీలో చెప్పారు. మాత్ర వేయవలసిన పెద్దమ్మ కాళేశ్వరం నుంచి కోడలిగా వచ్చిన మనిషి, చదవగలిగేది తెలుగొక్కటే.

అందుకని ఆమెకు తెలుగులో, బడి పంతులుకు మరాఠీలో రాసిచ్చాను. ఆమె కూడబలుక్కుని చదివి అడిగింది: "ఒక్కసారి కక్కితేనే సూది ఇప్పియ్యాల్నా, రెండోసారి కక్కితేనా?"

కాగితంలో ఆ సంగతి లేదు. వరంగల్ డాక్టరుకు ఫోన్ చేశాను. మింగిన కాసేపటికే కక్కితే ఇంకో మాత్ర వేయాలట. అదీ కక్కితే ఆగకుండా సూది వేయించి, ఆస్పత్రికి బయల్దేరాలట. కింద ఆ వరుస కూడా పెద్ద అక్షరాలతో రాశాను. ఉప్పు డబ్బా ఉన్న అరమీదే అతికించిందామె.