గోలేటి పిల్లలకు ఇంగ్లీషు వచ్చునా?

ఇంగ్లీషులో మార్కులు రావడం వేరు, ఇంగ్లీషు రావడం వేరు. ఈ సంగతి తెలియడానికి భాషాశాస్త్రం చదివి ఉండనక్కరలేదు. "మా పోరికి ఇంగ్లీషుల ఎనభై ఎనిమిది మార్కులచ్చినయ్ సార్. గని ఇంగ్లీషైతే రాదు" అని బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన నాతో అన్నాడు. ఆ రెండు వాక్యాల మధ్య ఆయనకు వైరుధ్యమేమీ కనిపించలేదు. ఆలోచిస్తే నాకూ కనిపించలేదు. వైరుధ్యం లేనిచోట ఉన్నదేమిటి అన్నదే నా ప్రశ్న. పదో తరగతి పరీక్ష ఆ పిల్లలో దేనిని కొలిచి ఎనభై ఎనిమిది అని చెప్పింది?

గోలేటి తెలియని మిత్రులకు రెండు మాటలు. ఇది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా (2016 అక్టోబరు దాకా ఆదిలాబాద్ జిల్లా) రెబ్బెన మండలంలోని ఊరు. సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియా పరిపాలన ఇక్కడి నుంచే సాగుతుంది. గోదావరిఖని, రామగుండం పేర్లు విన్నంతగా గోలేటి పేరు ఎవరూ విని ఉండరు. క్వార్టర్ల వరుసలు, షిఫ్టుకు పోయే బస్సులు, చుట్టూ పల్లెలు, ఆ వెనుక అడవి. చుట్టుపక్కల వినిపించే భాషలు తెలుగు ఒక్కటే కాదు. ఉర్దూ, హిందీ, మరాఠీ ఉన్నాయి, గూడేల్లో గోండి ఉంది. బడి లెక్క ప్రకారం ఇంగ్లీషు ఇక్కడి పిల్లలకు తృతీయ భాష. కొందరికి వాస్తవంలో నాలుగోది. తల్లిదండ్రుల ఆశల్లో మాత్రం అది ఎప్పుడూ మొదటిదే. ఈ కాలనీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం చాలా ఏళ్ళుగా నా పని.

ఇంగ్లీషు వచ్చునో రాదో పరీక్షించే ఘట్టం మన సాహిత్యంలో ఒకటి ప్రసిద్ధమే. గురజాడ వారి కన్యాశుల్కంలో (1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన నాటకం) వెంకమ్మ తన కొడుకూ గిరీశమూ ఇంగ్లీషు మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది. వాళ్ళిద్దరూ బడిలో కంఠస్థం చేసిన పద్యపాదాలనూ పాఠాల తునకలనూ సంభాషణలాగా ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి పొంగిపోతుంది. మనం నూరేళ్ళకు పైగా నవ్వుతూనే ఉన్నాం. కాని వెంకమ్మ పెట్టిన పరీక్ష సరైనదేనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆమె మాట్లాడమని అడిగింది. విన్నది సంభాషణో కాదో చెప్పగల మనిషి అక్కడ లేకపోవడమే లోపం. మన పదో తరగతి పరీక్షకు దిద్దగలవాళ్ళు వేలమంది ఉన్నారు. మాట్లాడమని అడిగేవాళ్ళే లేరు.

ఆ ప్రశ్నపత్రం చెడ్డదని నేననను. 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళికా చట్రం వచ్చింది. 2014-15లో పదో తరగతికి కొత్త పుస్తకం, కొత్త పరీక్షావిధానం వచ్చాయి. రాతపరీక్షకు 80, బడిలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనానికి 20 మార్కులు. బట్టీని తగ్గించాలన్నది ఉద్దేశం. పాఠంలోని ఫలానా సంఘటన జరిగిన రాత్రి ఆ పాత్ర డైరీలో ఏమి రాసుకొని ఉంటుందో రాయమంటారు. సంభాషణ రాయమంటారు, ఉత్తరం, వార్తాకథనం, జీవిత పరిచయం రాయమంటారు. ఒక భాషను వాడి చూపమనడానికి ఇంతకంటే మంచి ప్రశ్నలు నేనూ తయారుచేయలేను.

కాని గైడు అనేది ఒకటుంది కదా. నేను దిద్దిన డైరీలలో సగానికి పైగా "టుడే ఈజ్ యాన్ అన్‌ఫర్‌గెటబుల్ డే ఇన్ మై లైఫ్" అని మొదలయ్యేవి. బహుమతి గెలిచిన పాత్రదీ అదే వాక్యం, తండ్రిని పోగొట్టుకున్న పాత్రదీ అదే వాక్యం. వాక్యంలో తప్పు లేదు, అక్షరదోషం లేదు. మార్కు వేయకుండా ఉండడానికి దిద్దేవారికి ఏ ఆధారమూ దొరకదు.

అందుచేత కొన్ని వేసవులలో, సాయంత్రాలు నా దగ్గరకు వచ్చే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నాకు నేనే కొన్ని చిన్న పరీక్షలు పెట్టి చూశాను. మార్కుల జాబితా ఎవరికీ ఇవ్వలేదు. పరిశోధన అనేంత పెద్ద మాట వాడను. పదిహేనుమంది పిల్లలు, ఒక వరండా, ఒక నోటుపుస్తకం.

మొదటిది ఉక్తలేఖనం, మన చిన్నప్పటి డిక్టేషనే. భాషాపరీక్షల పండితుడు రాబర్ట్ లాడో 1961లో దీనిని పెద్దగా పనికిరానిదిగా తీసిపారేశాడు. మాటలూ వాటి వరుసా మనమే చెప్పేస్తున్నప్పుడు ఇక పరీక్షించేదేముంది అని ఆయన వాదన. 1970లలో జాన్ ఓలర్ అనే మరో పండితుడు దానిని తిరిగి గౌరవస్థానంలో నిలిపాడు. విన్నదానిని మనసు ఊరకే నకలు చేసుకోదనీ, తనకు తెలిసిన వ్యాకరణంతో మళ్ళీ కట్టుకుంటుందనీ ఆయన అన్నాడు. ఈ తగవులో నేను ఓలర్ పక్షం. ఎందుకో చెబుతాను. "హి హ్యాడ్ లెఫ్ట్ హోమ్ బిఫోర్ ది సైరన్" అని చదివాను. ఒక పిల్లవాడు "లెఫ్ట్" బదులు "లిఫ్ట్" అని రాశాడు, మిగతాదంతా సరిగానే ఉంది. ఇంకొకడు "హి లెఫ్ట్ హోమ్ బిఫోర్ సైరన్" అని రాశాడు. తప్పులు లెక్కిస్తే మొదటివాడివి ఒకటి, రెండోవాడివి రెండు. కాని మొదటివాడి వాక్యంలో ఒక మనిషి ఇంటిని ఎత్తుతున్నాడు! రెండోవాడి వాక్యంలో ఒక కార్మికుడు సైరను కూయకముందే ఇల్లు విడిచాడు. లెక్కలో ఎవరు గెలిచారో, ఇంగ్లీషు ఎవరికి వచ్చిందో మీరే చూడండి.

రెండవది ఖాళీలు పూరించడం. వ్యాకరణానికి సంబంధించిన ఖాళీలు కావు. ఒక పేరా తీసుకొని, మొదటి వాక్యాన్ని వదలి, అక్కడి నుంచి ప్రతి ఏడో మాటనూ కొట్టివేయడమే. ఏ మాట పోతుందో మన చేతిలో ఉండదు. 1953లో విల్సన్ టేలర్ అనే ఆయన పుస్తకాలు ఎంత సులభంగా చదువుకోవచ్చునో కొలవడానికి కనిపెట్టిన ఈ పద్ధతికి క్లోజ్ అని పేరు. తరువాత అది పరభాష నేర్చేవారికి పరీక్ష అయింది. నేను రెండు పేరాలు ఇచ్చాను. ఒకటి వాళ్ళ పాఠంలోది. రెండోది షిఫ్టు బస్సు చెడిపోయిన రోజు గురించి నేనే రాసినది, పాఠం కంటే తేలిక మాటలతో. చెరి ఇరవై ఖాళీలు. మొదట చెప్పిన ఎనభై ఎనిమిది మార్కుల అమ్మాయి పాఠంలో పంతొమ్మిది పూరించింది, నా పేరాలో ఏడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కుతూ వచ్చిన ఒక అబ్బాయి పాఠంలో పదకొండు, నా పేరాలో పది. ఆ అమ్మాయి పంతొమ్మిదికీ ఏడుకూ మధ్య ఉన్న పన్నెండు ఏమిటో నాకు అర్థమైంది. అది శ్రమ. రాత్రింబవళ్ళు చేసిన నిజాయితీ గల శ్రమ. దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని అది ఇంగ్లీషు కాదు.

మూడవది మాట. తెలుగు రాని ఇంజనీరు ఒకరు కొత్తగా దిగారు, బస్టాండు నుంచి డిస్పెన్సరీకి దారి చెప్పమన్నాను. ఆ అబ్బాయి తడుముకోలేదు. "స్ట్రెయిట్ గో సార్. క్యాంటీన్ కమ్. లెఫ్ట్ టర్న్. టూ లైన్స్ ఆఫ్టర్, డిస్పెన్సరీ." వ్యాకరణం దిద్దితే వాక్యానికో ఎర్రగీత పడుతుంది. ఇంజనీరుగారు మాత్రం డిస్పెన్సరీకి చేరతారు. ఆ అమ్మాయి రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, చివరికి నన్ను అడిగింది: "సార్, ఇది ఏ లెసన్ల ఉన్నది?"

ఆ ప్రశ్న విని నవ్వు రాలేదు. ఆమెకు ఇంగ్లీషు ఎక్కడ ఉంటుందని మనం నేర్పామో అక్కడే వెతుకుతున్నది పాపం.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఈ పిల్లల ఇళ్ళలో ఇంగ్లీషు మాటలకు కొదవ లేదు. మస్టరు, ప్లేడే, హాలరు, టబ్బు, మ్యాన్‌రైడింగు, ఓవర్‌మన్, సపోర్టు. బడికి పోని తల్లికి కూడా "రూఫ్" అంటే ఏమిటో, అది కూలితే ఏమవుతుందో తెలుసు. "అన్‌ఫిట్", "డిపెండెంటు" అన్న మాటల బరువు ఏ నిఘంటువూ చెప్పలేనంతగా తెలుసు. తండ్రిని వైద్యులు పనికి అనర్హుడని తేల్చితే కొడుకు కొలువు సంగతి ఏమవుతుందన్నది ఆ రెండు మాటల మీదే నడుస్తుంది. ఇంత మాత్రాన వీళ్ళకు ఇంగ్లీషు వచ్చినట్లేనని పొగడడం అబద్ధమవుతుంది. ఇవి ఇప్పుడు తెలుగు మాటలే, వాక్యం కట్టడం వీటితో రాదు. కాని నా షిఫ్టు బస్సు పేరాలో ఆ అబ్బాయి పది ఖాళీలు పూరించడానికి ఈ మాటలు ఆసరా అయ్యాయి. పరీక్ష రాసేవాడి ప్రపంచం ప్రశ్నపత్రంలో కాస్త కనిపిస్తే, వాడికి తెలిసినది బయటికి రావడానికి తోవ దొరుకుతుంది.

ఇదంతా పండితుల తగవు అనుకొని వదిలేయవచ్చు, తరువాత జరిగేది తెలియకపోతే. ఆ అమ్మాయి మంచి మార్కులతో డిప్లొమాలో చేరింది. బోధన ఇంగ్లీషులో. తొలి సెలవులకు వచ్చినప్పుడు తన నోటుపుస్తకం చూపింది. బోర్డు మీద రాసినవన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. అధ్యాపకులు నోటితో చెప్పినది ఒక్క ముక్క లేదు. వినడాన్ని ఆమెకు ఎవరూ పరీక్షించలేదు కనుక ఎవరూ నేర్పలేదు. పరీక్షలో లేనిది తరగతిలో ఉండదన్నది మన బళ్ళ అలిఖిత శాసనం. 2008లో మొదలైన బాసర విద్యాలయం కూడా ప్రవేశాలు పదో తరగతి ఫలితాన్ని బట్టే ఇస్తున్నది, అక్కడా బోధన ఇంగ్లీషులోనే. పల్లె పిల్లలకు అది గొప్ప వరం. ఆ వరాన్ని అందుకోవడానికి చెవి సిద్ధంగా ఉందో లేదో మన పరీక్ష ముందుగా చెప్పగలిగితే ఎంత మేలు! 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషుగా అచ్చువేశారు, మంచి పనే. కాని ఇక మీదట ఇంగ్లీషు తెలియకపోతే నష్టం ఇంగ్లీషులోనే ఆగదు, లెక్కలకూ సైన్సుకూ పాకుతుంది.

నోటి పరీక్ష ఏమీ కొత్త ఊహ కాదు. కేంబ్రిడ్జి వారు 1913లో విదేశీయుల కోసం తొలి ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష పెట్టినప్పుడు దానిలో ఉక్తలేఖనమూ ఉంది, చదవడమూ సంభాషణా ఉన్నాయి. మొత్తం పన్నెండు గంటల పరీక్ష. ముగ్గురు రాశారు, ముగ్గురూ తప్పారు! అంత కాఠిన్యం ఎవరికీ అక్కరలేదు. కాని నూరేళ్ళ తరువాత మనం ఆ సంభాషణ పాటి కూడా అడగడం లేదు.

ఎందుకు అడగలేదో నాకు తెలుసు. ఏటా ఐదు లక్షల మంది దాకా రాసే పరీక్ష ఇది. బి.యిడి.లో మాకు రెండు మాటలు నేర్పారు, సప్రమాణత, విశ్వసనీయత. కొలవవలసినదానినే కొలవడం మొదటిది. ఎవరు కొలిచినా ఒకే లెక్క రావడం రెండవది. రాతపరీక్షలో రెండవది సులభం, మొదటిది కష్టం. మాట పరీక్షలో తలకిందులు. ఒక ఊళ్ళో దయగల అయ్యవారు అందరికీ ఇరవైకి ఇరవై వేస్తారు, పక్క ఊళ్ళో పిసినారి పన్నెండు దాటడు. సైన్సు ప్రాక్టికల్సు ఎలా జరుగుతాయో ఎరిగినవారు ఈ భయాన్ని కొట్టివేయలేరు. అయినా తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023-24లో ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. ఆచరణ ఎలా ఉన్నా, వినడం మాట్లాడడం కూడా ఇంగ్లీషేనని ఒక బోర్డు కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఒక్కొక్క పిల్లను కూర్చోబెట్టి అడగడం అసాధ్యమన్నది నేను నమ్మను. అసర్ సర్వేవారు 2005 నుంచి చేస్తున్నది అదే. స్వచ్ఛంద కార్యకర్తలు ఇంటికి పోయి, పిల్లల పక్కన కూర్చొని, ఒక కాగితం చదివిస్తారు. 2023లో కొన్ని గ్రామీణ జిల్లాల్లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళవారికి ఇంగ్లీషు వాక్యాలు ఇస్తే 57.3 శాతం మంది చదవగలిగారు. చదివినవారిలో అర్థం చెప్పగలిగినవారు దాదాపు నాలుగింట మూడు వంతులు. చదవడం, అర్థమవడం అని రెండు విడి ప్రశ్నలు వేశారు కనుకనే ఆ మిగిలిన నాలుగో వంతు కనిపించింది. మా అమ్మాయి ఆ వంతులోని పిల్ల.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. అంతర్గత మూల్యాంకనం ఏ రూపంలో ఉన్నా, అందులో ఒక స్లిప్ టెస్టు బదులు పది నిమిషాలు: పాఠంలో లేని ఒక పేరా, ఐదు వాక్యాల ఉక్తలేఖనం, మూడు ప్రశ్నల సంభాషణ. అడిగేవారు పక్క బడి నుంచి రావాలి. ఫలితం ర్యాంకుకు పోకూడదు, పిల్లల చేతికి మాత్రమే పోవాలి, "నీకు చదువు వచ్చింది, వినడం ఇంకా రావాలి" అన్నంత స్పష్టంగా. జూన్‌లో ఇల్లు విడిచి ఇంగ్లీషు తరగతిలో కూర్చోబోయే పిల్లకు మేలోనే ఆ మాట తెలియాలి.

మీరు చదివిన బళ్ళలో ఎవరైనా మిమ్మల్ని ఇంగ్లీషులో ఒక మాట మాట్లాడమని, విని, ఎంత వచ్చిందో చెప్పారా? చెప్పి ఉంటే ఏ ఊళ్ళో, ఏ సంవత్సరంలో, ఏమి అడిగారో వీలున్నప్పుడు రాయండి. వచ్చే వేసవికి నా వరండాలో పనికొస్తుంది.