బ్యానర్ చేతిలోకి ఆ దండం ఎప్పుడొచ్చింది?

రాత్రి భోజనాలయ్యాక మావాడు ‘ది అవెంజర్స్’ పెట్టాడు. 2012 నాటి సినిమా. వాడికి ఫైట్లు కావాలి. నన్ను మాత్రం ఒక చిన్న సీను పట్టుకుని వదల్లేదు.

విలన్ లోకీ దండంలో ఒక రాయి ఉంటుంది. దాని మొన గుండెకు ఆనిస్తే చాలు, మనిషి వాడి చెప్పుచేతల్లోకి వెళ్లిపోతాడు. విలుకాడు హాకై కళ్లు అలాగే నీలంగా మారిపోతాయి. గురి తప్పదు, తెలివీ తగ్గదు. ఉన్న పనితనమంతా అవతలివాడికి ఊడిగం చేస్తుంది, అంతే.

దానికన్నా ల్యాబ్ సీను ఎక్కువ భయపెట్టింది నన్ను.

దండం ఓ పక్కన ఊరికే పడుంది. ఎవరి ఛాతీకీ తగల్లేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా మంచివాళ్లే. అయినా మాటా మాటా పెరిగి ఒకరి మీద ఒకరు విరుచుకుపడుతుంటారు. ఆ వేడిలో బ్యానర్, అదే మన హల్క్, ఆ దండాన్ని చేతిలోకి తీసుకుంటాడు.
తీసుకున్నట్టు అతనికే తెలీదు! పక్కవాళ్లు చెబితే అప్పుడు చూసుకుంటాడు.

కళ్లు నీలంగా మారితే కనీసం ఎదుటివాళ్లు పసిగడతారు.
మారకపోతే?
నా కోపం నాదే, న్యాయమైనదే అనుకుంటూ ఊగిపోతాం.

2015లో ‘ఏజ్ ఆఫ్ అల్ట్రాన్’లో దండంలోని ఆ రాయే, అంటే మైండ్ స్టోన్, విజన్ అనే హీరో నుదుటికి చేరి మంచే చేస్తుంది. పట్టుకున్న చేతిని బట్టి అంటారా? బ్యానర్ చెయ్యి మంచిదేగా మరి!

అపార్ట్‌మెంట్ మీటింగులో పార్కింగ్ దగ్గర మొదలైన మాట ఎక్కడ తేలుతుందో చూసినవాణ్ణి కాబట్టి, ఆ సీను ఇట్టే నమ్మేశాను.

మీరు చూసిన అలాంటి గొడవ ఒకటి రాయండి. దేనికి మొదలైందో గుర్తుంటే అదీ చెప్పండి :)