మంచు దారిలో మన బండి లైట్లు



నవంబరు నుండి ఫిబ్రవరి దాకా మన కొండల మీద మంచు ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు. లంబసింగిని మన పెద్దలు కొర్రబయలు అని ఊరికే పిలవలేదు. సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరిని చూడడానికి కింది నుండి వచ్చేవారికి మంచు ఒక వేడుక. మనకు అది పనిరోజు. కాఫీ పళ్లు కోసేది ఆ నెలల్లోనే. రాజ్‌మా, గుమ్మడికాయలు, మిరియాలు చింతపల్లి వైపు నుండి నర్సీపట్నం దిగేది ఆ దారినే. తెల్లవారుజామున నాలుగింటికి బండి కదలకపోతే ఆ రోజు సరుకుకు ధర ఉండదు.

మన సంఘంలో ఒక సహోదరునికి ఉన్న పికప్ బండి మీకందరికీ తెలుసు. వారమంతా సంతలకు సరుకు మోస్తుంది. శనివారం సాయంత్రం మైకు సెట్టు, టార్పాలిన్లు, కుర్చీలు వేసుకొని పై గ్రామాల కూడికలకు వస్తుంది. అంబులెన్సు ఎక్కలేని దారి అయినప్పుడు క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన నొప్పులు పడుతున్న తల్లిని కూర్చోబెట్టుకొని దిగిన రాత్రులూ ఉన్నాయి. అందుకే పోయిన చలికాలం మన యౌవనస్థులు ఆ బండికి మంచి ఫాగ్ లైట్లు వేయించాలని చందా పోగు చేశారు. అది మంచి ఆలోచన. అయితే ఏ బల్బు వేయాలన్న దగ్గర మాలో మాకు మాట కలవలేదు.

పిల్లల మాట ఒకటే: ఎక్కువ వెలుగు ఉంటే ఎక్కువ కనబడుతుంది. కొందరు వంద వాట్ల బల్బులు అన్నారు. కొందరు తెల్లగా మెరిసే ఎల్ఈడీ బల్బులు అన్నారు. పెద్దలు మాత్రం పాతవే చాలు అన్నారు. ఏ పక్షమూ పూర్తిగా తప్పు కాదు. కాబట్టి మేము నర్సీపట్నంలో చాలాకాలంగా బండ్ల వైరింగ్ చేస్తున్న ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చొని అన్నీ అడిగి తెలుసుకున్నాము. ఆయన చెప్పింది, మేము చదివి తెలుసుకున్నది మీ బండ్లకు కూడా పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

మంచు అంటే గాలిలో తేలే నీటి బిందువులే. ఒక్కొక్కటి వెంట్రుక మందం కంటే చిన్నది. వాటి మీద పడిన వెలుగు చెదిరిపోతుంది, అందులో కొంత వెనక్కి మన కంటికే వస్తుంది. హై బీమ్ వేస్తే ముందు తెల్ల గోడ కట్టినట్టు అయ్యేది అందుకే. వెలుగు పెంచితే ఆ గోడ కూడా మరింత తెల్లబడుతుంది. ఫాగ్ లైటు చేసే పని వేరు. దాన్ని బంపర్ దగ్గర, కిందుగా బిగిస్తారు. దాని వెలుగు పక్కలకు వెడల్పుగా పరుచుకుంటుంది, పైకి మాత్రం గీత గీసినట్టు తెగిపోతుంది. మన కంటికి, రోడ్డుకు మధ్య ఉన్న మంచును వీలైనంత తక్కువగా వెలిగించి, రోడ్డు అంచును, మలుపును చూపించడమే దాని పని. దూరం చూపించడానికి అది చేసినది కాదు.

ఇక బల్బు సంగతి. మన బండి ఫాగ్ లైట్లలో ఉన్నది హెచ్11 రకం హాలోజన్, 12 వోల్టులు, 55 వాట్లు. రెండూ కలిసి తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు కరెంటు తీసుకుంటాయి. వంద వాట్లవి రెండు వేస్తే అది పదహారు దాటుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టేస్తారు. ఫ్యూజు నిలుస్తుంది, వైరు కాలుతుంది. హోల్డరు కరుగుతుంది, లోపలి రిఫ్లెక్టరు మసకబారుతుంది. బల్బు మార్చాము అనుకుంటాము గాని, ఆ బరువును మోయవలసిన వైరును మార్చలేదన్న మాట మరచిపోతాము.

ఎల్ఈడీకి కరెంటు ఎక్కువ అక్కరలేదు, నిజమే. ఎల్ఈడీ కోసమే తయారైన ఫాగ్ లైటు మంచిదే. చిక్కంతా హాలోజన్ గూటిలో ఎల్ఈడీ బల్బు దూర్చినప్పుడే. ఆ గూడు లోపలి అద్దం ఒక సన్నని ఫిలమెంటు ఫలానా చోట వెలుగుతుందని లెక్కవేసి చేసినది. ఎల్ఈడీ బల్బులో వెలిగే చిప్పులు వేరే ఆకారంలో, పక్కలకు అతికి ఉంటాయి. లెక్క తప్పితే పైన ఉండవలసిన గీత చెరిగిపోతుంది, వెలుగు ఎదురుగా వచ్చేవారి కళ్లలోకి లేస్తుంది. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని చెబుతుంది.

పసుపు రంగు మంచును చీల్చుకొని వెళ్తుందని మనమందరం విన్నాము. మంచు బిందువులు వెలుగు తరంగాల కంటే చాలా పెద్దవి కాబట్టి రంగును బట్టి చెదరడంలో పెద్ద తేడా రాదు. పసుపు వలన వచ్చే మేలు కంటికే. నీలం తగ్గిన వెలుగు కళ్లను తక్కువగా పొడుస్తుందని చాలామంది అనుభవం. ఫ్రాన్సు దేశంలో 1993 దాకా బండ్ల హెడ్‌లైట్లు పసుపు రంగువే ఉండేవి.

ఇన్ని తెలుసుకున్నా పిల్లల మనసు తృప్తిపడలేదు. వారిని మాటలతో నోరు మూయించడం మాకు ఇష్టం లేదు. ఎలక్ట్రీషియన్‌ను అడిగితే ఒక జత ఎల్ఈడీ బల్బులు ఒక రోజుకు ఇచ్చాడు. ఒక తెల్లవారుజామున, మంచు బాగా కమ్మినప్పుడు, బస్తాలు వేసి ఉన్న ఆ బండిని ఊరి చివర, లోయ పక్కన దారి కాస్త వెడల్పుగా ఉన్నచోట నిలిపాము. మాలో సగం మంది క్యాబిన్ దగ్గర నిలబడ్డాము. మిగతా సగం మంది ఎదురుగా, సంతకు నడిచి వచ్చేవారిలాగా నడిచి వచ్చారు. ముందు ఎల్ఈడీ, తరువాత పాత హాలోజన్. ఇంజను ఆపి, చేయి కాలకుండా బల్బులు చల్లారే దాకా ఆగి మార్చాము.

ఎల్ఈడీ వేసినప్పుడు క్యాబిన్ దగ్గర ఉన్నవారందరూ “అబ్బ” అన్నారు. ముందంతా పాల నురుగులా వెలిగింది. అయితే గట్టు మీద సున్నం వేసిన రాయి ఎక్కడ అంటే ఎవరూ చూపించలేకపోయారు. హాలోజన్ వేసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, చూడడానికి వెలవెలబోయినట్టే ఉంది, కాని రాయి కనబడింది.

ఎదురుగా నడిచి వచ్చినవారిలో నెత్తిన ఆకుకూరల గంపతో రోజూ అదే దారిన సంతకు వెళ్లే ఒక పెద్దమ్మ ఉంది. ఆమెను ఏమి కనబడిందమ్మా అని అడిగాము. “మొదటిసారి బండి ఉందని తెలిసింది అయ్యగారూ. నా కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. లోయ ఏ వైపో తెలియక నిలబడిపోయాను” అంది. ఆ మాట తరువాత ఎవరూ వాదించలేదు. అంతవరకు మేమందరం చర్చించినది బండిలో కూర్చున్నవారికి ఎంత కనబడుతుందనే. ఆ దారిలో బండి ఎక్కేవారి కంటే నడిచేవారే ఎక్కువ. మన చందాలో ఆమె వేసిన పదిరూపాయల నోటు కూడా ఉంది.

చివరకు చేసినది ఇది. అదే 55 వాట్ల హాలోజన్, పసుపు ఛాయ ఉన్న జత కొన్నాము. గాజును వేళ్లతో తాకకుండా గుడ్డతో పట్టుకొని బిగించాము, ఎందుకంటే చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. మసకబారిన ముందు అద్దాలు మార్పించాము. నిజానికి వెలుగు ఎక్కువ పెరిగింది దీనివల్లనే. కొత్త రిలే, సరైన ఫ్యూజు వేయించాము. సమనేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలిపి, వెలుగు పై అంచు లైటు ఎత్తు కంటే నాలుగు అంగుళాలు కిందికి ఉండేటట్టు సరిచేయించాము.

ఇక్కడ పికప్ ఉన్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఖాళీ బండిలో సరిచేసిన లైటు లోడు వేసిన తరువాత సరిగా ఉండదు. వెనుక కమాను కట్టలు కుంగుతాయి, ముక్కు లేస్తుంది, దానితోపాటు వెలుగూ లేస్తుంది. కాబట్టి బస్తాలు వేసే సరిచేయించాము.

మిగిలిన డబ్బుతో బండి వెనుక అతికించడానికి ఎర్ర రిఫ్లెక్టరు టేపు, సంతకు నడిచే తల్లులకు మెరిసే పట్టీలున్న జాకెట్లు కొన్నాము. లైట్ల కోసం ఇచ్చిన డబ్బుతో జాకెట్లా అని ఒకరిద్దరు యౌవనస్థులు ఇప్పటికీ అడుగుతున్నారు. అడగడం వారి హక్కు. వారి ప్రయాసతోనే ఈ పని జరిగింది. మా జవాబు మాత్రం ఒక్కటే: ఆ జాకెట్టు మీద పడి తిరిగి వచ్చేది కూడా మన లైటు వెలుగే.

119వ కీర్తన 105వ వచనము మీలో చాలామందికి కంఠతా వచ్చు. అందులో దీపము పాదాలకు సంబంధించినది. ఆ కాలపు నూనె దీపము చూపించగలిగినది నాలుగు అడుగుల మేరే. కొండ చివరి దాకా చూపించమని మనము దేవుని అడుగుతాము. పిల్ల పెళ్లి ఎప్పుడు, అప్పు ఎప్పుడు తీరుతుంది, ఈ జబ్బు తగ్గుతుందా అని హై బీమ్ వేస్తాము. తెల్ల గోడ తప్ప మరేమీ కనబడదు, భయం పెరుగుతుంది. ఈ రోజు వేయవలసిన అడుగు మేర వెలుగు ఇవ్వబడింది. అది చిన్నదని విసుగుకోకుండా, దానికి తగినంత నెమ్మదిగా నడవడమే విశ్వాసమని మేము నమ్ముతున్నాము.

మరొక సంగతి. మనకు వాక్యం తెలుసు, ప్రార్థన తెలుసు, నలుగురిలో సాక్ష్యం చెప్పడం తెలుసు. వెలుగు ఉంది. అయితే మన మీద లోడు పడినప్పుడు, అనగా పదవి, పేరు, చివరకు కష్టమైనా సరే, ముక్కు కొంచెం లేస్తుంది. అప్పుడు మన మంచి మాటే ఎదుటివారి కంట్లో పడుతుంది. తడబడుతున్న కోడలు, తాగుడు మానలేక ఏడుస్తున్న అన్న, మన వెలుగు చూసి నిలబడిపోతారు గాని దారి చూడలేరు. కాబట్టి ఈ వారం ఇంట్లోవారిని అడగండి: మా మాట మీకు దారి చూపిస్తోందా, కళ్లు మూయిస్తోందా అని.

క్రిస్మస్‌కు బండ్లమీద ఇంటికి వచ్చే మన పిల్లలకు చివరగా నాలుగు మాటలు. వీలైతే ఘాట్ రోడ్డు పగటిపూటే ఎక్కండి. కనుచూపు మేర 50 మీటర్లకు తగ్గితే వాతావరణ శాఖ దానిని అతి దట్టమైన మంచు అంటుంది. మన మలుపుల్లో అది మామూలే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేయాలని తోచి, బండి ఆగేసరికి పొడి రోడ్డు మీదనే సుమారు 30 మీటర్లు పడుతుంది. తడి దిగుడులో ఇంకా ఎక్కువ. కనబడే దూరంలో ఆగగలిగే వేగమే మీ వేగం. డిమ్‌లో వెళ్లండి, మలుపుకు ముందు హారన్ కొట్టండి, లోపలి అద్దం మసకబారకుండా కిటికీ కాస్త తెరవండి. ఆగవలసి వస్తే రోడ్డు పూర్తిగా దిగి ఆగండి. మంచు వీడిన వెంటనే ఫాగ్ లైట్లు ఆపండి.

ఆలస్యమైనా ఫరవాలేదు. పొయ్యి మీద అన్నం వెచ్చగానే ఉంటుంది, మీ కోసం మేలుకొనే ఉంటాము. దారిలో ఉన్న మిమ్మును, ఆ దారిన నడిచే ప్రతివారిని ప్రభువు క్షేమముగా చేర్చునుగాక. ఆమెన్.