పది అడుగుల దూరంలో 4కె

2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అప్పట్నుంచి మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర ఒకటే టాపిక్. 55 అంగుళాలా, 65 అంగుళాలా, 4కె చాలా, 8కెకి వెళ్లాలా? నేను ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరిన లక్షల మందిలో ఒకదాన్ని. కాలేజీలో బట్టీపట్టిన సిగ్నల్ ప్రాసెసింగ్ ఉద్యోగంలో ఒక్కరోజూ అక్కరకు రాలేదు. ఈ టీవీల గొడవలో మాత్రం బాగా పనికొస్తోంది.

ముందు లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ టీవీ అంటే 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం దాదాపు 21 లక్షల పిక్సెల్స్. 4కెలో దానికి నాలుగింతలు, అంటే 83 లక్షలు. 8కెలో 3.3 కోట్లు. అంకెలు చూస్తే ఆశ పుడుతుంది. కానీ చూడాల్సింది టీవీ కాదుగా, మన కన్ను. కంటి డాక్టర్లు 6/6 అంటారే, అలాంటి కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం వరకు వేరు చేసి చూడగలదు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయి. ఈ లెక్కన 55 అంగుళాల టీవీలో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా తెలియాలంటే సుమారు ఏడడుగుల లోపు కూర్చోవాలి. 43 అంగుళాలదైతే అయిదున్నర అడుగులు. పది అడుగుల నుంచి తేడా కనిపించాలంటే టీవీ 75 అంగుళాలు దాటాలి. ఇక 8కె ఇచ్చే అదనపు వివరం 55 అంగుళాల టీవీలో కనిపించాలంటే మూడున్నర అడుగుల దగ్గరకు జరగాలి.

మరి షోరూంలో అంత బాగా ఎలా కనిపిస్తుందంటారా? అక్కడ మనం మూడడుగుల దూరంలో నిలబడి చూస్తాం. ఇంట్లో ఎవరైనా అలా నిలబడితే అమ్మ వీపు మీద ఒకటేస్తుంది. పైగా అక్కడ ఆడించేవి నెమళ్లు, కోసిన దానిమ్మకాయలు, రాత్రి వెలుగుల్లో ఏదో నగరం. అన్నీ 4కెలోనే తీసి, బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పెట్టినవి. నేను సేల్స్ కుర్రాణ్ని, 'తమ్ముడూ, ఒక మామూలు సీరియల్ పెట్టు' అని అడిగా. నవ్వి, 'సెట్‌టాప్ బాక్స్ లేదక్కా' అన్నాడు.

అసలు తిరకాసు ఆ సెట్‌టాప్ బాక్స్‌లోనే ఉంది. మామూలు ఎస్‌డీ చానల్‌లో వచ్చే బొమ్మ 720 అడ్డం, 576 నిలువు. నాలుగు లక్షల పిక్సెల్స్ అన్నమాట. దాన్ని 4కె తెర మీద పరిస్తే, ప్రతి 20 పిక్సెల్స్‌లో 19 టీవీ సొంతంగా ఊహించి నింపుకున్నవే. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోతో ఫ్లెక్సీ కొట్టిస్తే ఎలా ఉంటుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. పెద్ద టీవీ తెచ్చాక 'పాతదే నయం' అనేవాళ్ల మాటలో అబద్ధమేం లేదు. పాత చిన్న తెర ఆ లోపాలను దాచేసేది.

ఓటీటీలో 4కె దొరుకుతుంది, నిజమే. కాకపోతే నెట్‌ఫ్లిక్స్‌లో అది 649 రూపాయల ప్లాన్‌లోనే ఉంది. గంటకు 7 జీబీ దాకా డేటా లాగుతుంది. 8కె సంగతి చెప్పక్కర్లేదు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే 2018 డిసెంబరులోనే 8కె చానల్ మొదలుపెట్టింది. మన దగ్గర రోజూ 8కెలో చూడటానికి ఏముందో ఆ టీవీ అమ్మేవాళ్లనే అడగండి.

ఈ లెక్కలన్నీ నేను తవ్వడానికి కారణం మా నాన్న. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, తెనాలిలో ఉంటారు. దసరాకి ముందు ఫోన్ చేసి, 'అమ్మాయ్, మన టీవీ పనైపోయింది. బొమ్మంతా పొగ పట్టినట్టుంది. పక్కింటి బాబాయ్ 4కె తెచ్చాడు. ఓ అరవై వేలు పోతే పోయాయి' అన్నారు. ఈఎంఐ అంటే ఆయనకు పడదు. రిటైర్మెంట్ డబ్బులోంచే తీస్తారు. సరే, పండక్కి వచ్చి చూస్తానన్నా.

వెళ్లాను. 32 అంగుళాల పాత టీవీ. సోఫా నుంచి టేపు పెట్టి కొలిస్తే పది అడుగులు. బొమ్మ నాకు శుభ్రంగానే ఉంది, అమ్మక్కూడా. నా లెక్క మొత్తం 6/6 కన్ను మీద నిలబడింది కదా, అందుకే నాన్నను కింద వస్తున్న స్క్రోలింగ్ చదవమన్నా. తడుముకున్నారు. ఒక కన్ను మూసి చదవమన్నా. కుడి కన్ను మూస్తే ఒక్క అక్షరం కూడా రాలేదు. 'రాత్రుళ్లు బండ్ల లైట్లు పగిలిపోయినట్టు కనపడుతున్నాయి, అద్దాలు మార్చాలేమో' అన్నారు తాపీగా. ఆ కళ్లతోనే రోజూ స్కూటర్ మీద మార్కెట్‌కు వెళ్లొస్తున్నారు. నాకు కాళ్లు వణికాయి.

రెండు కళ్లలోనూ శుక్లాలు. ఎడమ కన్నులో బాగా ముదిరింది. దానికి నవంబరులో ఆపరేషన్ చేశారు. పట్టుమని అరగంట కూడా పట్టలేదు. వయసుతో పాటు కంటిలో లెన్స్ పసుపు బారుతుందట, దాంతో లోకమంతా కొద్దిగా పసుపుగానే అలవాటైపోతుంది. కట్టు విప్పాక ఇంటికొచ్చి నాన్న ముందు అన్న మాట, 'హాల్లో గోడలకు వేసింది తెల్ల రంగా? మీగడ రంగనుకున్నానే ఇన్నాళ్లూ!' తర్వాత టీవీ పెట్టుకుని, సీరియల్లో అత్తగారి మేకప్ గురించి అమ్మతో అరగంట మాట్లాడారు. స్కూటర్ తాళాలు మాత్రం రెండో కన్ను అయ్యేదాకా అమ్మ దగ్గరే.

ఆ ఆపరేషన్ జనవరిలో అయింది. టీవీ కూడా మార్చాం, ఎందుకంటే పాతది ఈసారి నిజంగానే గీతలు చూపించడం మొదలుపెట్టింది. సైజు తేల్చింది నేనూ కాదు, నాన్నా కాదు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రి టీవీ కోసం గోడలో పెట్టిన గూడు. వెడల్పు మూడున్నర అడుగులు. 43 అంగుళాల టీవీ పడుతుంది, 50 పట్టదు. ఆ సైజులో ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ మేం అడిగిన షాపులో తేడా మూడు వేలే. సరే, 4కె తీసుకున్నాం. పది అడుగుల నుంచి అది కనపడదని తెలిసే తీసుకున్నాం. మంచి ప్యానెళ్లు కంపెనీలు 4కెలోనే పెడుతున్నాయి, అదీ కారణం.

డబ్బు ఎక్కువ పెట్టాలనుకుంటే ఆ ప్యానెల్ మీద పెట్టమంటాను. హెచ్‌డీఆర్ స్టిక్కర్ ఇప్పుడు ప్రతి డబ్బా మీదా ఉంటోంది. హెచ్‌డీఆర్ సినిమాలను చాలావరకు 1000 నిట్స్ వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. చవక టీవీ 300 నిట్స్ ఇస్తే గొప్ప. సిగ్నల్ తీసుకుంటుంది, చూపించలేదు. నలుపు నల్లగా ఉండటం, పగలు కిటికీ తెరిచినా బొమ్మ కనపడటం, ఇవి ఏ దూరం నుంచైనా తెలుస్తాయి. తర్వాత సౌండ్. టీవీలు సన్నబడేకొద్దీ స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగిపోయాయి, డైలాగులు గోడకు చెప్తుంటాయి. నాన్న అరవై వేల బడ్జెట్‌లో మిగిలినదాంట్లోంచి ఒక చిన్న సౌండ్‌బార్ కొన్నాం. ఆయన చూసే నాలుగు చానళ్లకు హెచ్‌డీ ప్యాక్ వేయించాం. నిజం చెప్పాలంటే ఇంట్లో అందరికీ కనిపించిన మార్పు ఆ ప్యాక్‌తోనే వచ్చింది.

నాన్న ఇప్పుడు స్క్రోలింగ్ సోఫాలోంచే పైకి చదువుతున్నారు, ఎవరూ అడక్కపోయినా. అమ్మకు మాత్రం కొత్త టీవీ మీద కోపం తగ్గలేదు. రిమోట్ మీద అంకెలు లేవని.